రెండో బ్రేకు

సిరంజిలో పాలు కదలడం లేదు.

కోడలు అన్నీ మళ్లీ చూసుకుంది. దిండ్లు ఎత్తుగానే ఉన్నాయి. ముక్కు దగ్గర ట్యూబు మీద నర్సు గీసిన నల్లగీత ఇసుమంత కూడా జరగలేదు. ముందుగా సిరంజితో వెనక్కి లాగి చూస్తే కడుపులోని రసం వచ్చింది, నీళ్లు పోస్తే చక్కగా దిగాయి. మరి పాలెందుకు ఆగాయి?

పక్షవాతం వచ్చి అత్తగారికి మాటా పోయింది, మింగే శక్తీ పోయింది. ముక్కులోంచి కడుపులోకి వెళ్లే ఈ సన్నని గొట్టమే ఇప్పుడు ఆవిడకు నోరు. దాని చివర సిరంజి తగిలించి, ఎత్తి పట్టుకుని నిలబడే చెయ్యి మాత్రం ఇంటిల్లిపాదిలో ఒక్కటే.

"నీ చేతికి అలవాటు పడిపోయింది అమ్మ" అన్నాడు భర్త నిన్న, ఈ మంచం పక్కనే నిలబడి. "ఆ కళ్లజోళ్ల షాపుకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పెయ్. అద్దాలు బిగించే పనేగా, ఎవరైనా చేస్తారు."

అద్దాలు బిగించే పనేగా! అద్దం వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటే మనిషికి మెట్లు వంకరగా కనిపిస్తాయి. షాపు ఓనరు కూడా ఫోన్లో తేల్చి చెప్పేశాడు. "సోమవారం రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానమ్మా. మీ ఇంట్లో మీరు తప్ప మనుషులే లేరా?" ఎగతాళికే అన్నాడు గానీ, ఆ ప్రశ్న ముల్లులా దిగబడిపోయింది. పై వీధిలో ఉండే ఆడపడుచు "వదినా, నీ చేతిలో అమృతముంది" అని ఫోన్లో మురిసిపోతుంది, గుమ్మం మాత్రం తొక్కదు. పొగిడి పొగిడి ఆ చేతిని మంచానికి కట్టేశారు. ఈ పూట పాలు పట్టగానే ఓనరుకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పేద్దామనే అనుకుంది.

దుప్పటి అంచు ఎత్తి చూసింది. అంతే!

అత్తగారి ఎడమ చెయ్యి, పనిచేసే చెయ్యి, ట్యూబును మడిచి బిగించి పట్టుకుని ఉంది.

"అత్తయ్యా! ఏంటీ చిన్నపిల్లల పని? ఆకలి లేదా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ట్యూబు వదల్లేదు. చూపుడువేలు మాత్రం చాపింది. గుమ్మం వైపు. అక్కడ ఆవిడ కొడుకు తాళంచెవులు తిప్పుకుంటూ బయల్దేరుతున్నాడు.

"ఏంటమ్మా, నొప్పా?"

వేలు సిరంజిని చూపింది. మళ్లీ కొడుకుని చూపింది.

"నేనా? నాకు చేతకాదమ్మా! అవతల నా స్టూడెంటు స్టీరింగు ముందు కూర్చుని ఉంటాడు."

అతను డ్రైవింగు నేర్పుతాడు. అత్తగారి పిడికిలి ఇంకా బిగిసింది. ఆవిడ సమ్మెకు దిగింది! మగాడు గరిటె పట్టిన ఇల్లు ఇల్లేనా అని జీవితమంతా దెప్పిన మనిషే. నోరు పడిపోయిందని చెవులు కూడా పడిపోయాయనుకున్నారు. నిన్నటి మాటలన్నీ విన్నది.

కోడలికి ఎప్పటిదో మాట గుర్తొచ్చింది. "మా అత్తగారు మంచాన పడ్డప్పుడు నా కుట్టుమిషను అమ్మేశారు" అందావిడ ఒకసారి, గొప్పగానే. ఆ తర్వాత చాలాసేపు ఖాళీగా ఉన్న కిటికీ మూల వైపు చూస్తూ కూర్చుంది.

"ఇలా రండి" అంది కోడలు భర్తతో. "ముందు చేతులు కడుక్కోండి. సబ్బుతో."

కడుక్కొచ్చాడు. సిరంజి తీసుకుని, పక్కన పెట్టిన లోపలి కాడ వైపు చూశాడు. "దీంతో నొక్కేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుందిగా?"

"అయిపోతుంది. అత్తయ్య కూడా. పాలు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకేముంది? క్లచ్ ఎలా వదలమంటారు మీ స్టూడెంట్లకి?"

"మెల్లగా..."

"అదే. సిరంజి పైకెత్తితే వేగం, దించితే నెమ్మది. అత్తయ్య దగ్గినా, మొహం మారినా ఆపెయ్యాలి."

అత్తగారి పిడికిలి విడింది. ఆ చోట కోడలు తన వేళ్లు పెట్టింది, డ్రైవింగు నేర్పేటప్పుడు పక్క సీట్లో భర్త కాలు తన వైపున్న రెండో బ్రేకు మీద ఉన్నట్టు. పాలు దిగడం మొదలైంది. కొడుకు సిరంజిని మరీ ఎత్తాడు. పాలు వేగం అందుకోగానే కాస్త దించాడు.

"ఎంతసేపిలా? భుజం లాగేస్తోందే!"

అత్తగారి మొహంలో కదిలే సగం నవ్వింది.

"లాగుతుంది" అంది కోడలు. "సాయంత్రం మీ చెల్లెల్ని రమ్మనండి, తనకీ నేర్పుతాను. రేపు నర్సు వచ్చినప్పుడు ఆవిడ ముందు ఇద్దరూ చేసి చూపించండి. ఆదివారం దాకా పక్కనే ఉంటాను. సోమవారం నేను షాపుకి వెళ్తున్నాను."

"మరి అమ్మ..."

"మీ అమ్మే పంపిస్తోంది."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ అవునన్నట్టు కళ్లు మూసి తెరిచింది.

కోడలు ట్యూబు మీంచి వేళ్లు తీసేసింది. పాలు దిగుతూనే ఉన్నాయి.