గోడవతలి ప్రార్థన

నాయనమ్మను సమాధి చేసి వచ్చిన మర్నాడే నేను కొరియర్ ఆఫీసుకు వెళ్ళి పార్సిళ్ళు వేరుచేస్తూ కూర్చున్నాను. మేనత్తకు ఒళ్ళు మండింది. "ఒక్క చుక్క రాలిందా దాని కంట్లోంచి? కన్నతల్లిలా పెంచిందే" అని వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా వాపోయింది. నిజమే, నాకు ఏడుపు రాలేదు. ఆకలీ వేయలేదు. ఎవరేమన్నా "సరే" అనేదాన్ని. నాయనమ్మ మీద నాకసలు ప్రేమే లేదేమోనని లోపల మాత్రం భయం పట్టుకుంది.

ఓ రోజు పొద్దున్నే పక్కింటి వెల్డింగ్ మేస్త్రి తలుపు కొట్టాడు. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ, అదీ పేరుకే గోడ. నాయనమ్మకు చెవుడు. దేవుడికీ అంతేననుకునేదో ఏమో, రోజూ తెల్లారగానే మోకరించి వీధి చివరికి వినిపించేలా ప్రార్థన చేసేది. నేను చెవుల మీద దిండు అదుముకునేదాన్ని. మేస్త్రి సుత్తితో గోడ మీద కొట్టి, "ముసలమ్మా, మీ దేవుడు ఎప్పుడో లేచాడు, మమ్మల్ని పడుకోనీ" అనేవాడు. ఆవిడకు అదీ వినిపించేది కాదు.

అలాంటి మనిషి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"పొద్దునపూట మీ ఇంట్లో చప్పుడు లేదేంటమ్మా?"

"ఆవిడ పోయింది కదండీ. పెట్టె మోసింది మీరేగా."

"అది తెలుసులే. నువ్వు చెయ్యవా?"

"నేనెందుకు చేస్తాను?"

ఆయన తలొంచుకున్నాడు. "రోజూ నా ఊసెత్తేది. గోడవతలవాడి కళ్ళు కాపాడు, రోజంతా నిప్పురవ్వల ముందుంటాడు అని. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ పని ముట్టుకోబోయి మళ్ళీ పక్కన పెట్టేస్తున్నాను. బడి గేటు సగంలో ఆగిపోయింది, వాళ్ళు ఒకటే ఫోన్లు. మీ దేవుడి సంగతి నాకు తెలీదు గానీ, ఆ మాట చెవిన పడితేగానీ చెయ్యి ఆడట్లేదమ్మా."

నాకు చిర్రెత్తింది. "కళ్ళకు అద్దాలు పెట్టుకోండి."

"పెట్టుకుంటూనే ఉన్నాను."

ఆ మొహం చూసి కాదనలేకపోయాను. సరే, చేస్తాను వెళ్ళమన్నాను.

నాయనమ్మ చాప పరిచి మోకరించాను. "ప్రభువా" అన్నాను. అక్కడితో సరి. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చర్చికి తీసుకెళ్ళిందన్న మాటే గానీ, ఒక్క ముక్క నోటికి రాలేదు. మళ్ళీ "ప్రభువా" అన్నాను. మనిషిని తీసుకుపోయావు, ఇంకా ఏం వినాలని కూర్చున్నావని అడగాలనిపించింది. అడగడానికీ ఓపిక లేదు.

గోడ అవతల మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, ఈ పూటకు కళ్ళు తెరిపించావు, నీకు స్తోత్రం" అని మొదలుపెట్టాడు. ఏ దేవుడికీ చేతులెత్తని మనిషి, నాయనమ్మ మాటల్ని నాయనమ్మ వరసలోనే అప్పజెప్పాడు. మేనత్త మోకాళ్ళ నొప్పులు, పాలవాడి కూతురి చదువు, ఒక్కటీ వదల్లేదు. తన కళ్ళ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. అదయ్యాక ఆగాడు.

"ఇక్కణ్ణుంచి నీ గురించమ్మా. చెప్పనా?"

"నా గురించి కూడానా?"

"రోజూ నీతోనే కదా ముగించేది. నీకు తెలీదూ?"

చెవుల మీద దిండు అదుముకుని పడుకున్నదానికి ఎలా తెలుస్తుంది? చెప్పమన్నాను.

"నా మనవరాలు మొండిది ప్రభువా. నేను పోతే అది వెంటనే ఏడవదు. వాళ్ళ నాన్న పోయినప్పుడూ అంతే, ఏడాది పట్టింది. జనం ఏమన్నా నువ్వు మాత్రం దాన్ని తొందరపెట్టకు. ఊరికే దాని పక్కన కూర్చో." మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు. "అంతేనమ్మా. ఆమెన్ మాత్రం నువ్వనాలి. అది నేనెప్పుడూ అనలేదు."

"ఆమెన్" అన్నాను. కన్నీళ్ళు అప్పుడూ రాలేదు. చాప మీద ఓ పక్కకు జరిగి, ఇంకొకరికి చోటు వదిలి కూర్చున్నాను.