ఒక ఇల్లాలు అడిగినట్టు

"పింఛను మీద చీటీ ఒకటి మనమే వేసేద్దాం లోర్నా. ఎవరో ఇల్లాలు అడిగినట్టు రాయి. పెద్దగా పనీపాటా లేని ఆవిడ, రాజకీయాలు అంతగా తెలియని ఆవిడ. ప్రశ్న మెత్తగా ఉండాలి. నువ్వయితే ఊహించుకోగలవు," అన్నాడు గార్త్ టోల్మీ, హాల్లో అద్దం ముందు నీలం టై బిగించుకుంటూ.

లోర్నా అప్పుడు వంటింట్లో ఉడికిన గుడ్ల పెంకులు వలుస్తోంది. మధ్యాహ్నం రెండింటికి సీనియర్ల క్లబ్బులో అభ్యర్థుల చర్చ. అది అయ్యాక జనానికి సాండ్‌విచ్‌లు పెట్టాలి. ఎవరు పెట్టాలన్న ప్రశ్న ఈ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

"వింటున్నావా?"

"వింటున్నా. పనీపాటా లేని ఆవిడ."

"అదీ!" అన్నాడు గార్త్.

టేబుల్ దగ్గర కూర్చుని రొట్టె అంచులు కోస్తున్న అత్తగారు విల్మా తలెత్తింది. "ఉల్లికాడలు సన్నగా తరుగమ్మా. పోయినసారి లావుగా తరిగావు. వాడు జనంతో మాట్లాడుతుంటే పళ్లలో ఇరుక్కున్నాయి."

"సరే అమ్మా."

ఎన్నికల ప్రచారం నడిపించడానికి రాజధాని ఒటావా నుంచి పార్టీ పంపిన డీన్ అనే కుర్రాడు ఖాళీ చీటీల కట్ట తెచ్చి గుడ్ల గిన్నె పక్కన పెట్టాడు. ఆ క్లబ్బులో చర్చకు ఒక పద్ధతి ఉంది. ప్రశ్న అడగాలనుకున్నవాళ్లు చీటీ మీద రాసి గుమ్మం దగ్గరి పెట్టెలో వేస్తారు. సభ నడిపే మిస్ హెస్కెత్, ఒకప్పటి లైబ్రేరియన్, పెట్టెలో చెయ్యి పెట్టి ఏది వస్తే అది చదువుతుంది. పేరు రాయనక్కర్లేదు. అందుకే ప్రతి పార్టీ వాళ్లూ తమకు కావలసిన ప్రశ్నలు తామే రాసి పెట్టెను నింపేస్తారు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. గార్త్ వాళ్ల నీలి పార్టీ చీటీలు రాసేది లోర్నా. ఒకటి వంకర అక్షరాలతో, ఒకటి బడిపిల్లల రాతతో, ఒకటి ముసలి చెయ్యి వణికినట్టు.

"మిసెస్ టి, రోడ్ల మీద రెండు, పాడి రైతుల మీద రెండు, పింఛను మీద ఒకటి. పింఛనుది జాగ్రత్త. ఈసారి అదే మన కొంప ముంచేలా ఉంది," అన్నాడు డీన్.

లోర్నా చేతులు తుడుచుకుని కూర్చుంది. రోడ్లవీ పాడివీ చకచకా అయిపోయాయి. పింఛను చీటీ దగ్గర కలం ఆగింది.

పదకొండేళ్ల కిందట గార్త్ మొదటిసారి ఎంపీగా గెలిచినప్పుడు ఆమె పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టుగా ఉద్యోగం చేసేది. "ఆరు నెలలు మానేసి నాకు సాయం చెయ్యి. ఆఫీసు కుదురుకున్నాక మళ్లీ వెళ్దువుగాని," అన్నాడు. ఎంపీ తన భార్యకు ఆఫీసు నిధుల నుంచి జీతం ఇవ్వకూడదని నిబంధన. మంచి నిబంధనే, ప్రజల డబ్బు ఇంట్లోకి పోకూడదని పెట్టారు. కానీ భార్య చేత పని చేయించుకోకూడదని మాత్రం అందులో లేదు. పాస్‌పోర్టు రాలేదని ఏడ్చే తల్లులు, పంట బీమా అందని రైతులు, మొగుడు పోయాక పింఛను ఎవరిని అడగాలో తెలియని ముసలమ్మలు, అందరి ఫోన్లూ లోర్నాకే. జీతమున్న అమ్మాయిలు ఇద్దరు వచ్చారు, వెళ్లారు, మళ్లీ వచ్చారు. వాళ్లకు పని నేర్పింది లోర్నా. సెలవులు మంజూరు చేసిందీ లోర్నానే. తనకు సెలవు ఎవరివ్వాలో ఎప్పుడూ తేలలేదు. ఆ ఆరు నెలలు ఎప్పుడు గడిచిపోయాయో ఆమెకు గుర్తు లేదు, గార్త్‌కు అసలు అన్న సంగతే గుర్తు లేదు.

అవన్నీ సరిపెట్టుకోగలిగింది. సరిపెట్టుకోలేనిది ఇంకొకటి ఉంది. మూడేళ్ల కిందట, 2012లో, గార్త్ పార్టీ ప్రభుత్వం వృద్ధాప్య పింఛను వయసు అరవై అయిదు నుంచి అరవై ఏడుకు జరిపింది. అప్పటికే యాభై నాలుగు నిండినవాళ్లకు మార్పు లేదు. ఆ తరువాతి వాళ్లకు కొంచెం కొంచెంగా, లోర్నా వయసు వాళ్లకు పూర్తిగా రెండేళ్లు. నియోజకవర్గంలో ఇంటింటికీ పంపే పత్రికలో దాన్ని సమర్థిస్తూ రాయాల్సి వచ్చింది. గార్త్‌కు మాట తట్టలేదు. లోర్నాకు తట్టింది. "మన పిల్లల భుజాల మీద బరువు తగ్గించడానికి మనం రెండేళ్లు ఆగలేమా?" ఆ వాక్యం ఒటావాలో అందరికీ నచ్చింది. గార్త్ సభలో చదివితే చప్పట్లు కొట్టారట. ఆ రోజు ఫోన్‌లో అతని గొంతు పెళ్లినాటి గొంతులా వినిపించింది. ఆమె పొంగిపోయింది. పత్రిక అచ్చయి అందరి ఇళ్లకూ చేరాక ఒక ఉదయం గిన్నెలు కడుగుతూ ఉండగా తోచింది. ఆ 'మనం'లో గార్త్ లేడు. అతను తనకన్నా ఏడేళ్లు పెద్ద. అతని పింఛనుకేమీ కాలేదు. ఎంపీ పింఛను ఎలాగూ వేరు. రెండేళ్లు ఆగవలసిన మనిషి తనే, ఆగమని అంత అందంగా చెప్పిందీ తనే.

తన ఒక్కదాని సంగతే అయితే మింగేసేది. కానీ మొన్న సెప్టెంబరులో ఓట్లు అడుగుతూ బెర్నిస్ రోల్‌స్టన్ ఇంటి తలుపు తట్టింది. ఇద్దరూ ఒక్క బడిలో, ఒక్క బెంచీ మీద చదువుకున్నారు. బెర్నిస్ ముసలివాళ్ల ఆశ్రమంలో పని చేస్తుంది. పొద్దున్నుంచీ మనుషుల్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తడమే పని.

"ఏమే లోర్నా, నువ్వొచ్చావా! ఎవడో కుర్రాడొస్తాడనుకుని టీవీ గొంతు తగ్గించి దాక్కున్నా," అని లోపలికి లాగి కూర్చోబెట్టింది. నడుముకు పట్టీ కట్టుకుని ఉంది. "ఒక్కటి చెప్పు. అరవై అయిదొచ్చేసరికే నన్ను ఎవరో ఒకరు ఎత్తాల్సి వచ్చేలా ఉంది. అరవై ఏడంటే ఎలాగే?"

లోర్నా నోట ఆ వాక్యమే వచ్చింది. పిల్లల భుజాలు, రెండేళ్లు, అన్నీ వరసగా.

బెర్నిస్ ఆమె మొహంలోకి చూసింది. "అది నువ్వన్నావా, నీ మొగుడన్నాడా?"

లోర్నా నవ్వేసింది. నవ్వకుండా ఉండాల్సింది.

"సరేలే. మీ ప్రచారం బోర్డు నా ఇంటి ముందు గడ్డిలో పాతుకో. నీ మొహం చూసి ఒప్పుకుంటున్నా, వాడి మొహం చూసి కాదు," అంది బెర్నిస్. సుత్తి తెచ్చుకుని నీలం బోర్డు తనే పాతింది లోర్నా. నడుము పట్టీ మీద చెయ్యి వేసుకుని బెర్నిస్ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ తరువాత ఆ వీధి గుండా వెళ్లాల్సి వస్తే లోర్నా చుట్టు తిరిగి వెళ్తోంది.

"అయిందా మిసెస్ టి?" అన్నాడు డీన్ బయటినుంచి కారు హారన్ కొట్టి.

లోర్నా వంకర అక్షరాలు వెయ్యలేదు. వణికే చెయ్యీ పెట్టలేదు. తన రాతతోనే రాసి, మడిచి, మిగతా చీటీల మధ్య పెట్టింది.

*

హాలు నిండిపోయింది. లోర్నా వెనక గోడ దగ్గర కాఫీ బల్ల వెనక నిలబడింది. వేదిక మీద ముగ్గురు అభ్యర్థులు. నీలం టై గార్త్, ఎర్ర పార్టీ లాయరు, నారింజ పార్టీ టీచరు. ముందు వరసలో విల్మా.

మిస్ హెస్కెత్ పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడల్లా లోర్నా కప్పులు సర్దడం ఆపేస్తోంది. రోడ్లు వచ్చాయి. పాడి రైతులు వచ్చారు. సరస్సు నీళ్లు, తుపాకులు, ఆస్పత్రి మంచాలు. ఒక్కో చీటీ విప్పుతుంటే రావాలనీ అనిపిస్తోంది, రాకూడదనీ అనిపిస్తోంది. పెట్టె ఇంకా సగం నిండే ఉంది. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. రాకుండా ముగిసిపోతే ఆ చీటీ చెత్తబుట్టలోకి వెళ్తుంది, తను ఇంటికి వెళ్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. సాండ్‌విచ్‌ల పళ్లెం ముందుకు జరిపింది.

"ఆఖరి ప్రశ్న," అంది మిస్ హెస్కెత్. "టోల్మీ గారికి."

చీటీ విప్పి, కళ్లజోడు సర్దుకుని చదివింది.

"నా వయసు యాభై మూడు. పదకొండేళ్లుగా నా భర్త ఆఫీసు నడుపుతున్నాను. జీతం లేదు. ముసలితనంలో నా పేరున రాబోయేది దాదాపు ఆ వృద్ధాప్య పింఛను ఒక్కటే. దాన్ని రెండేళ్లు వెనక్కి జరిపేటప్పుడు నన్నెవరూ అడగలేదు. నా భర్త కూడా అడగలేదు. మీరైతే ఆయనకేం చెబుతారు?"

లోర్నా గార్త్ మొహాన్నే చూస్తోంది. అతను తల కాస్త పక్కకు వంచి, కనుబొమలు దగ్గరకు తెచ్చి వింటున్నాడు. జాలిగా వినేటప్పుడు పెట్టే మొహం అది. ఇప్పుడు మారుతుంది అనుకుంది. పదకొండేళ్లు అన్నాక మారుతుంది. ఆఫీసు అన్నాక, భర్త అన్నాక మారకుండా ఎలా ఉంటుంది? కోపం వచ్చినా సరే, పరువు పోయిందని పళ్లు కొరికినా సరే. వెనక గోడ వైపు ఒక్కసారి చూస్తే చాలు.

గార్త్ నవ్వాడు.

"అమ్మా, మీరెక్కడ కూర్చున్నారో గానీ, ముందు మీ ఆయనకి చెబుతా. ఒరేయ్ నాయనా, లాటరీ తగిలిందిరా నీకు!" హాలంతా నవ్వింది. "ఇక ఆ రెండేళ్లంటారా, కుర్చీలో కూర్చుని చేసే పనేగా. ఇంకో రెండేళ్లు కూర్చుంటే అరిగిపోతామా?" మళ్లీ నవ్వులు, ఈసారి కాస్త తక్కువ. గార్త్ గొంతు గంభీరమైంది. "మీలాంటి వాళ్లకి మా పార్టీ ఎంత చేసిందో చూడండి. భర్త పింఛనులో సగం భార్య పేరున చూపించి పన్ను తగ్గించుకునే వీలు ఎవరిచ్చారు? మేమిచ్చాం."

"చూపిస్తారు, చేతికిస్తారా?" మధ్య వరసలోంచి బెర్నిస్ గొంతు ఖంగుమంది. "కాగితం మీద నాది, బ్యాంకులో ఆయనది!"

ఆడవాళ్లు కొందరు చప్పట్లు కొట్టారు. మిస్ హెస్కెత్ బల్ల మీద తట్టింది. గార్త్ తొణకలేదు, చెయ్యి చాచి వెనక గోడ వైపు చూపించాడు.

"అమ్మా, మీకేం సందేహమున్నా మా ఆఫీసుకు రండి. అక్కడ మా ఆవిడ లోర్నా ఉంటుంది. కాఫీ ఇస్తుంది, అన్నీ విడమర్చి చెబుతుంది. మీ కష్టం ఆవిడకి బాగా అర్థమవుతుంది."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. చేతిలో కాఫీ కూజాతో లోర్నా చిరునవ్వు నవ్వింది. అలవాటు. తరువాత ఎన్నోసార్లు ఆ నవ్వును వెనక్కి తీసుకోవాలనుకుంది.

"చీటీ రాసినవారికి ఇంకొక్క మాట అడిగే హక్కుంది," అంది మిస్ హెస్కెత్. "ఉన్నారా ఇక్కడ?"

ఎవరూ లేవలేదు. అందరూ మళ్లీ వేదిక వైపు తిరిగారు, ఒక్క బెర్నిస్ తప్ప. ఆమె కుర్చీ వీపు మీద మోచెయ్యి పెట్టి లోర్నాను సూటిగా చూస్తోంది. కూజా బల్ల మీద పెట్టి చెయ్యి ఎత్తడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం ఉంది, చాలాసేపే ఉన్నట్టనిపించింది. కూజా లోర్నా చేతిలోనే ఉండిపోయింది.

"లేరు కాబోలు," అని మిస్ హెస్కెత్ పెట్టె మూసింది.

జనం సాండ్‌విచ్‌ల మీద పడ్డారు. బెర్నిస్ ఆఖరున వచ్చి ఒకటి తీసుకుని కొరికింది.

"ఉప్పెక్కువైందే," అంది. కాస్త ఆగి, "ఆ చీటీ ఎవరు రాశారో గానీ, బాగా రాశారు."

"బెర్నిస్, ఆ రోజు మీ ఇంట్లో నేనన్నది..."

"అన్నావు. నేను బోర్డూ పాతించుకున్నా. ఇద్దరం వెధవలమే." నమిలి మింగి, గొంతు తగ్గించింది. "ఇంటికెళ్లగానే పీకేస్తున్నా. ఏమనుకోకు."

"ఏమనుకోను," అంది లోర్నా. ఇంకేదో అనాలని ఆమె చెయ్యి పట్టుకుంది. మనుషుల్ని ఎత్తి ఎత్తి గట్టిపడిన అరచెయ్యి. మాట మూడు వారాల కిందటే రావలసింది.

*

కారు ఎప్పుడూ లోర్నానే నడుపుతుంది, గార్త్ పక్కన కూర్చుని ఫోన్లు చేసుకోవాలి కాబట్టి. విల్మా వెనక సీట్లో కునుకు తీస్తోంది. రోడ్డుకు రెండు వైపులా కోత అయిపోయిన సోయా పొలాలు ఎండలో పచ్చదనం లేకుండా పరుచుకుని ఉన్నాయి.

"మన పింఛను చీటీ రానే లేదు చూశావా?" అన్నాడు గార్త్ టై వదులు చేసుకుంటూ. "నువ్వు మెత్తగా రాసుంటావు. అది వచ్చుంటే బాగుండేది. దరిద్రం, ఎవరో నిజంగా రాసింది వచ్చి పడింది."

లోర్నా రోడ్డు చూస్తోంది.

"ఎవరయ్యుంటుంది? ఆ ఎలక్ట్రీషియన్ పెళ్లామా? ఆవిడకి అరవై దాటాయి కదూ. ఆగాగు, పశువుల డాక్టరు హెన్షా భార్య! ఆఫీసంతా ఆవిడే చూస్తుంది. కాదంటావా? అయితే ఆ ట్రాక్టర్ల షాపావిడ."

అతనికి నియోజకవర్గంలో ప్రతి ఇంటి సంగతీ తెలుసు. సంతల్లో, పెళ్లిళ్లలో, అంత్యక్రియల్లో పక్కన నిలబడి చెవిలో లోర్నా చెప్పినవే అన్నీ. ఆమె కారు వేగం తగ్గించింది. తన పేరు వస్తుందేమోనని ఇంకో ఇద్దరి పేర్లు వచ్చేదాకా ఆగింది. వచ్చాయి. ఆ తరువాత అతను కిటికీలోంచి బయటకు చూస్తూ నవ్వాడు.

"ఆ మొగుడెవడో గానీ పాపం. ఊరందరి ముందూ పరువు తీసేసింది."

ఫోన్ మోగింది. డీన్. గార్త్ విన్నాడు, ఊఁ కొట్టాడు, పెట్టేశాడు.

"ఆవిడెవరో కనుక్కోమంటున్నాడు. అలాంటివాళ్లు పైకి అలా అంటారు గానీ, కాస్త బుజ్జగిస్తే మనకే వేస్తారట. నువ్వు ఎలాగైనా పట్టుకోగలవు. పేరు కూడా అక్కర్లేదు లోర్నా. ఓటు మనదా కాదా, అది తేలిస్తే చాలు."

"తేలింది గార్త్," అంది లోర్నా. "నీది కాదు."