పిక్కల దగ్గర పట్టేసిన ప్యాంటు

పరాయి దేశంలో కూలికి వెళ్లిన తమ్ముడు ఐదేళ్లకు ఇంటికొచ్చాడు. అమ్మ ముఖం చేటంతయింది. వాడి బుగ్గలు పుణికి, "ఎంత నిండుగా తయారయ్యావురా!" అని మురిసిపోయింది. ముందుగదిలో కుట్టుమిషన్ తొక్కుతూ ఈ ఐదేళ్లూ ఆవిడను చూసుకున్నది నేను. నేను చిక్కానో బలిశానో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. నాకు కడుపు రగిలిపోయింది. దొరగారు అక్కడ బాగా మెక్కి వచ్చారు అనుకున్నాను.

"అన్నయ్యా, పాత ప్యాంట్లేవీ పట్టడం లేదు. ఒకటి కుట్టిపెట్టవా?" అని తను తెచ్చుకున్న గుడ్డ ఇచ్చాడు. పొద్దున్నే కొలతలు తీసి, పళ్లు నూరుకుంటూనే కుట్టాను. సాయంత్రం తొడుక్కుంటే పిక్కల దగ్గర పట్టేసింది.

"తమ్ముడి మీద ఏడుపుతో గుడ్డ మిగుల్చుకున్నావా?" అంది అమ్మ.

ఒళ్లు మండింది. నా చేతి కొలత తప్పిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. "నిలబడరా" అని టేపు తీసుకుని వాడి కాళ్ల దగ్గర కూర్చున్నాను. పొద్దుటికంటే పిక్క లావుగా ఉంది. అనుమానం వచ్చి బొటనవేలితో గట్టిగా నొక్కాను. వేలు తీసినా గుంట పూడలేదు.

"నువ్వు ఒళ్లు చెయ్యలేదురా, నీకు నీరు పట్టింది" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "అక్కడంతా కట్టే మేడల మీద పని. మాడిపోయే ఎండ. ఒంటేలుకని కిందికి దిగితే మేస్త్రీ తిట్టేవాడు. అందుకే నీళ్లు తాగేవాళ్లం కాదు. అందరం అంతే."

ఆసుపత్రిలో పరీక్షలు చేసి రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. ఇంట్లోవాళ్లు ఎవరైనా ఒకటి ఇస్తే బతుకుతాడన్నారు. "నాది తీసుకోండి బాబూ" అని అమ్మ డాక్టరు కాళ్లావేళ్లా పడింది. ఆవిడకున్న షుగరుకు అది కుదరదన్నాడాయన.

చచ్చేలా ఉన్న తమ్ముడి మీద కూడా అసూయ పడేవాడు ఉంటాడా? నేనున్నాను. నాకే ఇలా అయితే ఆవిడ ఎవరి కాళ్లయినా పట్టుకునేదా అనుకుంటూ వరండాలో బల్ల మీద కూలబడ్డాను.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నా తల నిమిరింది. ఆ చెయ్యి నా మీద పడి ఎన్నేళ్లయిందో గుర్తులేదు.

"పొద్దుటినుంచీ ఏమైనా తిన్నావా నాన్నా?" అంది.

ఎందుకడుగుతోందో తెలియనంత వెర్రివాణ్ని కాదు. అయినా దిక్కుమాలిన ప్రాణం, కరిగిపోయింది.

"ఇస్తాలే అమ్మా" అన్నాను. "కాసేపు ఆ చెయ్యి తియ్యకు."