ఎక్కడికీ పోవడం లేదు

బాస్కెట్‌బాల్ పెద్ద లీగువాళ్ళు ఇస్తామన్న కోచ్ ఉద్యోగం వద్దని చెప్పేసి ఆరిన్ హాస్కెట్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. గోధుమ చేను పక్కన ట్రక్కు ఆపుకుని మాట్లాడాడు. ఇంట్లోంచి మాట్లాడితే భార్య మార్లిస్ వింటుంది. విన్నా ఏమీ అనదు, అదే కష్టం. "పోతే పోదాం, ఉంటే ఉందాం. అట్టపెట్టెలు మాత్రం ఈసారి నువ్వే సర్దు," అని ఆదివారంనాడే తేల్చేసిందావిడ.

చేను అప్పుడే పచ్చబడుతోంది. కాన్సాస్ గాలి దాన్ని ఒకవైపుకే దువ్వుతోంది. వద్దన్నాక మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. పన్ను పీకించుకున్న చోటికి నాలుక పోయినట్టు మళ్ళీ మళ్ళీ అక్కడికే పోతోంది.

కుర్రతనంలో ఆ లీగులో ఆడదామని పోయాడు. ఆఖరి వడపోతలో పేరు కొట్టేస్తే బస్సెక్కి వచ్చేశాడు. ఆటగాడిగా రానివ్వని గుమ్మంలోంచి కోచ్‌గానైనా లోపలికి పోవాలని అప్పట్నుంచీ ఉంది. ఎవరితోనూ అనలేదు. ఈ చేలమధ్య కాలేజీ పేరు దేశమంతా తెలిసేలా చేశాడు. బాస్కెట్‌బాల్‌లో అతని జట్టుమీద బుట్టలో బంతి వెయ్యడం ఎంతటివాడికైనా గగనమే. "అవతలివాడి కళ్ళు చూడకండ్రా, నడుము చూడండి. కళ్ళు మోసం చేస్తాయి, నడుము చెయ్యలేదు," అని గొంతు పోయేలా అరిచి అరిచి నేర్పాడు. ఇన్నాళ్ళకి ఆ గుమ్మంవాళ్ళే రమ్మన్నారు.

వద్దనడానికి కారణం ఒక ముసలావిడ.

మూడేళ్ళ కిందట కీలన్ బ్రాడస్ అనే పొడుగాటి కుర్రాణ్ణి తన జట్టుకి అడగడానికి మిసిసిపీ పోయాడు. కుర్రాడి దగ్గర తల్లీ తండ్రీ లేరు. నాయనమ్మ ఒడెస్సా పెంచింది. ఆవిడ చేప వేయించి, మొక్కజొన్న రొట్టె చేసిపెట్టి, తినేదాకా ఆట ఊసు ఎత్తనివ్వలేదు. తిన్నాక ఆవిడే ఎత్తింది.

"ఆఖరేడు పిల్లల్ని అమ్మానాన్నా నడిపించుకొస్తారట కదా మీ దగ్గర?"

"అవునమ్మా. సొంత కోర్టులో చివరి ఆటకి ముందు. మధ్య గీత దాకా."

"అప్పటికి నేనుండను నాయనా. నా గుండె సంగతి నాకు తెలుసు. అంతమంది చూస్తుండగా వీడు ఒంటరిగా నడవకూడదు. నువ్వు నడిపిస్తావా?"

"నడిపిస్తాను."

"నీకు ముందొచ్చిన కోచ్‌లంతా ఇల్లు భలే ఉందన్నారు. ఏం భలేనో! నువ్వు ఇంకో చేపముక్క అడిగావు. అందుకని నీ మాట నమ్ముతున్నా."

ఆవిడ మొన్న చలికాలంలో పోయింది. నడక వచ్చే మార్చిలో ఉంది.

అతను కాలేజీకి చేరేసరికి కుర్రాళ్ళంతా బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని ఉన్నారు. హాస్కెట్ పెద్ద లీగుకి పోతున్నాడని పొద్దున్నే పేపర్లో వేశారు. వాళ్ళ మొహాలు చూసి ఆరిన్ కూర్చోకుండానే చెప్పేశాడు.

"నేను ఎక్కడికీ పోవడం లేదు. ఇదే నా చోటు. ఇక్కడ నాకు సంతోషంగా ఉంది."

బూటు తాడు కట్టుకుంటున్న కుర్రాడి చెయ్యి ఆగిపోయింది. వెనక నుంచి ఎవడో, "అయితే వీడ్కోలు విందు ఎప్పుడు కోచ్?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వబోయి మానుకున్నారు. కీలన్ నవ్వలేదు. తల వంచుకుని నేలకేసి చూస్తున్నాడు.

బయట వరండాలో డబ్ టాలివర్ ఆరిన్ మోచెయ్యి పట్టుకున్నాడు. సహాయ కోచ్, పాత స్నేహితుడు, లావుపాటి మనిషి.

"వేరే మాటలే దొరకలేదా నీకు?"

"ఏమైంది?"

"ఎక్కడికీ పోవడం లేదు, ఇదే నా చోటు. ఈ దేశంలో పోయే ప్రతి కోచూ ముందురోజు అప్పజెప్పే పాఠం అదే. పాత కాలేజీలో నువ్వూ అప్పజెప్పావు. నేను పక్కనే నిలబడి తలూపాను. అప్పటికే మనిద్దరి సామానూ లారీలో ఉంది."

"ఇప్పుడు నిజం, డబ్. పొద్దున్నే వద్దని చెప్పేశా."

"నేను నమ్ముతాలే. నిజం చెప్పడానికి మాటలు మిగలనిచ్చామా మనం?"

"మరేం చెయ్యాల్సింది?"

డబ్ గడ్డం గోక్కున్నాడు. "నోరు మూసుకుని ఈల వేసి, అందరిచేతా వాంతయ్యేదాకా పరుగులు తీయించాల్సింది. పోయేవాడు ఎవడూ పిల్లల్ని పరిగెత్తించడు."

ఆ సంగతి ఆరిన్‌కి తెలియందేమీ కాదు. ఆ క్షణానికి తోచలేదు. ఈల మెడలోనే వేలాడుతోంది.

మధ్యాహ్నం కీలన్ అతని గదికి వచ్చాడు. గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచి లోపలికొచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పోర్టల్‌లో నా పేరు పెట్టేశాను కోచ్."

వేరే కాలేజీకి మారదలచినవాళ్ళు పేరు పెట్టుకునేది అందులోనే. పేరు పడితే చాలు, సాయంత్రానికల్లా పదిచోట్ల నుంచి ఫోన్లు వస్తాయి.

"తీసెయ్. పేపరువాళ్ళు రాసింది తప్పు. నేను ఆ ఉద్యోగం వద్దన్నాను."

"సరే కోచ్."

తాగొచ్చినవాడితో మనకెందుకని అనే సరే అది.

"నమ్మవా?"

"మా పిన్నికొడుకు రెండు కాలేజీల్లో ఆడాడు. ఇద్దరు కోచ్‌లూ ఇట్లాగే కూర్చోబెట్టి చెప్పారంట. రెండో ఆయన ఏడ్చాడంట కూడా. మీరు ఏడవలేదు, అది నయం."

ఆరిన్‌కి ఉక్రోషం వచ్చింది. ఫోన్ తీసి, కుర్రాడికి కూడా వినపడేలా బల్లమీద పెట్టి, లీగు జట్టు మేనేజర్ రస్సెల్ ప్రూయిట్‌కి కలిపాడు. ఒక్కసారి మోగిందో లేదో అవతల ఎత్తారు.

"ఆరిన్! ఫోన్ చేస్తావని నాకు తెలుసయ్యా! పొద్దున వద్దన్నప్పుడే మావాళ్ళతో అన్నాను, మధ్యాహ్నానికి మెత్తబడతాడు చూడండని. నీ కుర్చీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఊఁ అను చాలు, మిగతాదంతా నేను చూసుకుంటా."

కీలన్ తలెత్తాడు. పొద్దున వద్దన్నప్పుడే అన్న మాట అతను విన్నాడు. బిగిసి ఉన్న మొహం, వాన పడ్డ మట్టిలాగా, కొంచెం కొంచెంగా వదులవుతోంది. ఆరిన్ అది చూశాడు. ఇక "లేదు" అంటే చాలు. చిన్నమాట.

నోట్లోంచి రాలేదు.

బస్సు అద్దానికి తల ఆనించుకుని ఊరికి తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ గుమ్మం కళ్ళముందు తెరుచుకునే ఉంది, లోపల దీపాలు వెలుగుతున్నాయి. తనకి తెలియకుండానే బల్లమీదికి, ఫోన్ వైపుకి, ఒళ్ళు వంగింది.

"ఆరిన్? ఉన్నావా?"

"లేదు రస్సెల్," అన్నాడు అప్పుడు. "పొద్దున చెప్పిందే నా మాట."

"నీ ఇష్టం. ఇంక నేను ఆగలేను మరి," అని ఫోన్ పెట్టేశాడు ప్రూయిట్.

కీలన్ లేచి నిలబడ్డాడు.

"విన్నావుగా," అన్నాడు ఆరిన్.

"విన్నాను. చూశాను కూడా. నడుము చూడమని మీరే నేర్పారు కదా కోచ్."

ఆరిన్ తనని తాను చూసుకున్నాడు. ఇంకా ముందుకి వంగే కూర్చుని ఉన్నాడు. సర్దుకుని వెనక్కి ఆనుకున్నాడు గానీ, అప్పుడు ఆనుకోవడం ఇంకా అన్యాయంగా కనపడింది.

"మీ నాయనమ్మకి మాటిచ్చాను కీలన్."

"తెలుసు. ఆ మాటకోసమే వద్దన్నారు, అదీ తెలుసు. మీరు మంచోళ్ళే. కానీ మార్చిలోపు ఇంకెవరో ఫోన్ చేస్తారు. మీరు మళ్ళీ ఇట్లాగే ఆగుతారు. ఉంటారా, పోతారా అని ప్రతిసారీ గోడ అవతల నిలబడి వినడం నావల్ల కాదు. మా అమ్మ అట్లాగే ఉంటానంటూనే నన్ను వదిలేసి పోయింది."

"మరి ఆ రోజు నిన్ను ఎవరు నడిపిస్తారురా?"

"ఎంత దూరమని కోచ్, మధ్య గీత దాకానేగా. పోతాలే." గుమ్మం దగ్గర తల వంచి, మళ్ళీ వెనక్కి తిరిగి, "మీరు ఇంకో చేపముక్క అడిగారని నాయనమ్మ చచ్చేదాకా చెప్పింది," అని వెళ్ళిపోయాడు.

పొద్దుగూకే వేళకి ఇంకో ముగ్గురు కుర్రాళ్ళ పేర్లు పోర్టల్‌లో పడ్డాయి. ప్రూయిట్ వేరేవాణ్ణి పెట్టుకున్నాడు. ఆ కబురు డబ్ వచ్చి చెప్పాడు. చెప్పి ఆరిన్ భుజం తట్టి పోయాడు.

ఇంటికి పోబుద్ధి కాక ఆరిన్ వెర్నా హోటల్ ముందు ట్రక్కు ఆపాడు. తలుపు తోసేసరికి లోపల ఉన్న రైతులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లీగు ఉద్యోగం ఇంకొకడికి పోయిందని టీవీలో చెప్పారట. ఒకాయన టోపీ తీసి ఊపాడు. "నువ్వు పోతావని నా ట్రాక్టర్ పందెం కాశాను. ఇప్పుడు మా ఆవిడకి ఏం చెప్పమంటావయ్యా?" అన్నాడు ఇంకొకడు. అందరూ పకపకా నవ్వారు. కుర్రాళ్ళ సంగతి ఇంకా ఇక్కడిదాకా రాలేదు. రేపు పొద్దున వస్తుంది.

వెర్నా అడక్కుండానే చెర్రీపళ్ళు కూరి కాల్చిన తీపిరొట్టె తెచ్చి ముందు పెట్టింది. హోటల్ ఈ ముసల్దానిదే.

"డబ్బులివ్వబోకు. మా కోసమే ఉండిపోయావు కదా బాబూ?"

ఆరిన్ ఈసారి ఆగలేదు.

"ఆఁ," అన్నాడు.

వెర్నా ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. మన కోసమేనంట అని వంటగదిలోకి కేకేసి చెప్పింది. లోపలివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

ఆరిన్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అది చాలాసేపు నోట్లోనే ఉండిపోయింది.