దవడ కింది ఊట

స్తోయ్నా కాపురానికి తెచ్చుకున్న పెట్టుబడి ఆమె నోట్లోనే ఉంది. వాళ్లమ్మ పెత్రానా బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ ఊళ్లో, పేరుకే గురువారమైన రోజువారీ సంతలో పులిసిన క్యాబేజీ అమ్మేది. పీపా అడుగు కుళాయి తిప్పి, ఉప్పునీళ్లు పట్టి మళ్లీ పైనుంచి పోసేటప్పుడు, ఒక చెంచాడు కూతురి నోట్లో వేసి, తన చల్లటి వేళ్లు ఆ పిల్ల దవడల కింద ఆనించేది. "మింగేయకు, ఆగు. ఇక్కడ ఊరుతోందా?" అనేది. రెండు పక్కలా ఒక్కసారే ఊట లేస్తే పీపా సిద్ధమైనట్టు. నాలుక కొస మాత్రమే చురుక్కుమంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టు, మూత పెట్టేయాలి. సంత నిండా పొగమంచు, అమ్మ కోటుకి సోపుగింజల వాసన, పక్క దుకాణంలో గుమ్మడికాయ కాలుతున్న తీపి సెగ. ఆ చదువు అలా అబ్బింది. అమ్మ పోయాక దుకాణం మెతోది అనే అల్లుడి చేతికొచ్చింది. బోర్డు మీద అతని పేరెక్కింది. నాలుక మాత్రం స్తోయ్నాదే.

ముప్పై ఏళ్లుగా ఆమె దినచర్య మారలేదు. పొద్దున్నే పొయ్యి మీద సూప్ పడేసి, నేలమాళిగలోకి దిగి, ఒక్కో పీపా తిరగపోసి రుచి చూసి, పైకొచ్చి అత్తగారికి, మొగుడికి వడ్డించి, తను నిలబడే రెండు ముద్దలు మింగి సంతకు పరుగెత్తడం. కొనేవాళ్లు రుచి చూసి "ఎవరి చేయి ఇది?" అంటే మెతోది తన రొమ్ము తట్టుకునేవాడు. రుచి చూడటం కూడా పనేనని ఆమె ఒకసారి అంటే, "తినడం కూడా పనేనా? నన్నెవరైనా అలా తినిపెట్టమంటే ఎదురు డబ్బిచ్చి మరీ చేస్తాను" అని నలుగురిలో నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. సరుకు ముందు మొహం మాడ్చుకునే వ్యాపారి ఉండరు కదా.

పోయిన చలికాలం ఎడమ పక్క ఊట తగ్గింది, దవడ కింద చిన్న ఉబ్బు లేచింది. అత్తగారు గినా చూసి, "గాలి కొట్టింది పిల్లా. బస్సులో కిటికీ పక్క కూర్చోవద్దంటే విన్నావా?" అంటూ మెడకి ఉన్ని రుమాలు చుట్టింది. ఆ ఊళ్లో పంటినొప్పి నుంచి పిల్లలు పుట్టకపోవడం దాకా అన్నిటికీ గాలే కారణం, అన్నిటికీ రుమాలే మందు. ఎండాకాలం వచ్చాక ఉన్నిది పోయి పట్టుది వచ్చిందంతే. ఏడాదిపాటు ఆ మెడని ఎవరూ చూడలేదు, స్తోయ్నా కూడా. ముసలావిడ ప్రేమగానే కట్టింది, అందుకే విప్పాలని తోచలేదు.

గుర్తింపు కార్డు కోసం ఫొటో దిగడానికి వెళ్తే, ఫొటోగ్రాఫరు రుమాలు తీయమన్నాడు. కెమెరాలోంచి చూసి, "నోట్లో మిఠాయి ఉమ్మేసి రండి అక్కా" అన్నాడు.

"నోట్లో ఏమీ లేదయ్యా."

అతను కెమెరా దించాడు.

ఆసుపత్రిలో డాక్టర్ దీమోవా ఒక వేలు నోట్లోంచి, ఒకటి బయటినుంచి పెట్టి తడిమి చూసింది. ఎవరో తన దవడ కింద చెయ్యి పెట్టి ఎన్నేళ్లయిందో, స్తోయ్నాకి కళ్లు మండాయి.

"నొప్పి ఉందా అమ్మా?"

"లేదండీ. లేదనే ఊరుకున్నాను."

"ఉంటే బాగుండేది. తినేటప్పుడు ఉబ్బి, తర్వాత తగ్గి, నొప్పి పెడితే లాలాజలం వచ్చే గొట్టంలో రాయి అడ్డం పడిందనుకునేదాన్ని. ఇది తగ్గదు, నొప్పి లేదు, పెరుగుతోంది. దవడ కింది ఈ లాలాజల గ్రంథిలో గడ్డలు సగానికి సగం చెడ్డవే తేలుతుంటాయి."

సూదితో తీసి చూసిన పరీక్ష ఎటూ తేల్చలేదు. గ్రంథి మొత్తం తీసి చూడాల్సిందే అంది డాక్టరు. స్తోయ్నా సంత మనిషి, సరుకు పూర్తిగా తిప్పి చూడనిదే చెయ్యి చాపదు.

"నాలుక సంగతేంటి డాక్టరమ్మా?"

"పక్కనుంచే నరాలు వెళ్తాయి. ఒకటి పెదవి కొసని కిందికి లాగేది, ఇంకొకటి నాలుకది. కాపాడటానికే చూస్తాం. మాట మాత్రం ఇవ్వలేను. వచ్చే మంగళవారం ఖాళీ ఉంది."

ఇంట్లో చెబితే మెతోది రొట్టె తుంచుతున్న చెయ్యి ఆపాడు. "మంగళవారమా? క్యాబేజీ లారీ ఆ రోజే కదా. ఏడాది ఆగింది, ఈ చలికాలం కూడా ఆగదా?"

"చెడ్డదయితే?"

"నొప్పే లేదంటున్నావు కదా." రొట్టె ముక్క నోట్లో వేసుకుని అసలు మాట బయటపెట్టాడు. "నీ నాలుకకేమన్నా అయితే పీపాలెవరు చూస్తారు?"

ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లో ఆ నాలుక మాట ఎత్తడం అదే మొదలు. ఎత్తినవాడు పీపాల గురించే అడిగాడు, మెడ గురించి కాదు. స్తోయ్నాకి కోపం రాలేదు. తన సరుకు విలువ ఎదుటివాడికి మొదటినుంచీ తెలుసనీ, తెలిసే బేరమాడుతున్నాడనీ అర్థమైనప్పుడు వ్యాపారికి వచ్చే చల్లటి తెలివి వచ్చింది. తను రుచి చూసి పెట్టింది ముప్పై ఏళ్లు. తనని తాను లెక్కలోకి తీసుకున్నది ఒక్కరోజూ లేదు.

"అత్తయ్యా, మంగళవారం సూప్ మీరే పెట్టుకోండి" అని లేచి, తన కంచం తెచ్చుకుని, కూర్చుని తినడం మొదలుపెట్టింది.

ఆపరేషనయిన నాలుగో రోజు మెతోది ఆసుపత్రికి వచ్చాడు. అందరి మొగుళ్లూ పళ్లు, సూపు తెస్తే, అతను కోటు జేబులోంచి చిన్న సీసా తీశాడు. పీపాల్లో పోయడానికి కలిపిన ఉప్పునీళ్లు.

"ఒక్క చుక్క చూసి చెప్పు. కూలివాళ్లు పోయడానికి కాచుకుని ఉన్నారు."

ఆమె మెడ కట్టులోంచి నీరు తీసే గొట్టం ఇంకా వేలాడుతోంది. "నువ్వే చూడు" అంది.

అతను చూశాడు. మొహం చిట్లించాడు. పక్క మంచం ఆవిడ పత్రిక కిందికి దించింది.

"ఎలా ఉంది?" అడిగింది స్తోయ్నా.

"ఉప్పగా ఉంది."

"ఉప్పు సరిపోయిందా, ఇంకా వేయాలా?"

సీసా వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. పక్క మంచానికి వినపడకూడదని మెల్లగా, "నాకు తెలీదు" అన్నాడు.

పక్క మంచం ఆవిడ ఫక్కుమంది. స్తోయ్నాకీ నవ్వొచ్చింది గానీ, పెదవి ఒక పక్కే కదిలింది.

రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. గడ్డ చెడ్డదే, గ్రంథి గోడ దాటలేదు, ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. ఒక గ్రంథి పోయింది. పెదవి కొస వసంతానికల్లా తిరిగొస్తుందని డాక్టరు అంది, రాకపోయినా పర్వాలేదని స్తోయ్నా అనుకుంది. నిమ్మకాయ టీ తాగితే పులుపు నాలుకకి రెండు పక్కలా తగులుతోంది, కనుక పెట్టుబడి భద్రం. లాభం మాత్రం ఒక్క మాట: ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి, తన మొగుడి నోట, "నాకు తెలీదు."