అల్లుడుగారు, నా కుడికాలు

మా ఇంట్లో నా ఎడమకాలి పేరు అల్లుడుగారు. పేరు పెట్టింది మా ఆవిడ. మోకాలి కింద నుంచి అది పెట్టుడుకాలు. అసలుది పెళ్లికి ముందే లారీ ప్రమాదంలో పోయింది. పొద్దున్నే దానికి తుడుపు, మిగిలిన మొండికి పౌడరు, ఉతికిన మేజోడు, గది మూలన దానికంటూ ఒక చోటు. ముప్పయ్యేళ్లుగా దానికి జరిగిన మర్యాదలు ఏ అల్లుడికీ జరిగి ఉండవు. కుడికాలిని మాత్రం బాగున్నావా అని అడిగిన పాపాన పోలేదు.

నేను కటింగ్ మాస్టర్ని. రోజంతా బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరిస్తాను, వెనక మిషను మీద మా ఆవిడ కుడుతుంది. కొంతకాలంగా కుడి మోకాలు సలిపేస్తోంది. నడుము పట్టేస్తోంది. ఎడమవైపు మొండి ఒరుసుకుపోయి పుండు పడుతోంది. ఎవరికీ చెప్పలేదు. కూర్చుని గుడ్డ కత్తిరించే మాస్టర్ని నేనెక్కడా చూడలేదు. నిలబడలేనంటే నా పని అయిపోయినట్టే. కత్తెర లేకపోతే నేనెవరిని? అందుకే పంటి బిగువున నెట్టుకొచ్చాను.

ఆ మధ్య వాళ్ల అన్నయ్యకు ఒంట్లో బాగాలేదని మా ఆవిడ వెళ్లింది. మిషను మీద వేరే దర్జీని కూర్చోబెట్టాను. అతను కుట్టిన ప్యాంటు తొడుక్కుని ఒక లెక్కల మాస్టారు అద్దం ముందు నిలబడ్డాడు. ఎడమ అంచు మడమ మీదుంది, కుడి అంచు చీలమండ పైనే ఆగిపోయింది. దర్జీ మీద ఇంతెత్తున లేచాను. పాపం, అతను వెళ్లి నేను కత్తిరించిపెట్టిన ఇంకో ప్యాంటు ముక్కలు తెచ్చి పక్కపక్కన పరిచాడు. వాటిలోనూ అదే తేడా.

తప్పు నాదేనని అప్పుడు తెలిసింది. గుడ్డను రెండు పొరలుగా మడిచి ప్యాంటు రెండు కాళ్లూ ఒకేసారి కత్తిరిస్తాం. మోకాలి పోటుకు నేను బల్ల మీదకు ఒరిగి మోచెయ్యి ఆనిస్తున్నాను. ఆ బరువుకు పై పొర జరిగిపోతోంది. మరి ఇన్నాళ్లూ ఒక్క ప్యాంటూ ఎందుకు తిరిగి రాలేదు?

మా ఆవిడ రాగానే అడిగాను. దాచలేదు. ఏడాదిగా ప్రతి ప్యాంటూ కుట్టే ముందు రెండు కాళ్లూ జతచేసి చూసి, పొడుగుదాన్ని తన చిన్న కత్తెరతో సరిచేసి, పొడవు తగ్గకుండా అంచు మడత తగ్గించి కుడుతోందట. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకెందుకు చెప్పలేదని అరిచాను.

“చెబితే కత్తెర పడేసి మూల కూర్చునేవారు. సరిచెయ్యడం నాకో లెక్క కాదు. మీరు మూలుగు మింగేస్తుంటే వెనక కూర్చుని వినడమే నా వల్ల కావట్లేదు.”

మర్నాడు బుద్ధిగా ఆస్పత్రికి వెళ్లాను. ఏళ్లు గడిచేకొద్దీ మొండి సన్నబడి పెట్టుడుకాలి తొడుగు వదులైందనీ, ఆ కాలి మీద మోపాల్సిన బరువు కూడా మోసి మోసి కుడి మోకాలు అరిగిపోయిందనీ డాక్టరమ్మ చెప్పింది. పుండు మానాక కొత్త తొడుగు వేయిస్తానంది. నిలబడి చేసే పని మాత్రం ఇక కుదరదంది. నా ప్రాణం ఉసూరుమంది.

కొత్త తొడుగుతో దుకాణానికి వచ్చిన రోజు గుమ్మంలోనే ఆగిపోయాను. నా బల్ల పొట్టిదైపోయింది. మా ఆవిడ వడ్రంగి చేత దాని కాళ్లు కోయించి, ముందు ఒక చక్రాల స్టూలు వేయించింది.

“మీ ఒక్కరికేనా కాలు తెగింది? దానికి నాలుగూ తెగాయి. ఇక మూల్గకుండా పని చూసుకోండి” అంది.

కూర్చున్నాను. గుడ్డ మడిచాను. మోచెయ్యి ఆనించాల్సిన పనే పడలేదు. స్టూలు జరుపుకుంటూ ఆ చివరిదాకా కత్తిరించి ముక్కలు అందించాను. ఆమె ప్యాంటు కాళ్లు రెండూ జతచేసి అంచుల మీద బొటనవేలు పోనిచ్చింది. నేను ఆమె చిన్న కత్తెర వైపే చూస్తున్నాను. చిన్న కత్తెరను ముట్టుకోకుండా ముక్కల్ని సూది కిందకు తోసి మిషను తొక్కింది.

నా కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లూ నోరు మెదపకుండా నన్ను మోసింది నా కుడికాలూ, ఈ మనిషీ. ఏం చేసినా వాళ్ల ఋణం తీరదు. కుడి మోకాలు నిమిరి, బాగున్నావా అని పైకే అడిగాను.

మా ఆవిడ ఫక్కున నవ్వింది. “ఇన్నేళ్లుగా ఈ మిషను తొక్కుతున్నాను. నా మోకాళ్లను కూడా ఓ మాట అడగండి.”

స్టూలు తిప్పుకుని ఆమె దగ్గరకు వెళ్లి అడిగాను.