త్సొన్కా సంతకం

"మీ ఇంట్లో చేప వేగుతుంటే ఆ వాసన మా కొట్టుదాకా రావాలి" అన్న వాక్యాన్ని త్సొన్కా కొట్టేసి, కాసేపు చూసి, మళ్ళీ అదే రాసింది. రేపు పునీతుడు నికోలా పండుగ, ఆ పేరున్న వాళ్ళందరికీ పేరుపండుగ. రూసె ఊళ్ళో నికోలాలు, నికొలాయ్‌లు, నికొలీనాలు, పిలవకుండా వచ్చే చుట్టాల కోసం చేపలు తోమించుకుంటూ ఉంటారు. వాళ్ళందరికీ కల్చెవ్ పూలకొట్టు నుంచి మధ్యాహ్నానికల్లా ఉత్తరం వెళ్ళాలి. కొట్టు పైనున్న ఆఫీసు కిటికీ అవతల డాన్యూబ్ నది మీది పొగమంచు ఇంకా విడలేదు. ఆమె ప్లాస్టిక్ కప్పులోని కాఫీని ఊదుకుంటూ తాగి, రెండు వేళ్ళతో మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టింది.

మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. కళ్ళజోడు తాడుకి వేలాడుతూ ఎప్పుడూ గుండెల మీదే ఉంటుంది. కావలసినప్పుడు మాత్రం దొరకదు. చలికాలం పూల బక్కెట్లలో చేతులు నాని నాని వేళ్ళ చర్మం పగిలి, మళ్ళీ అతుక్కుని, చింతబెరడులా గరుకెక్కింది. ఒకప్పుడు ఊరి పత్రికలో అచ్చుతప్పులు దిద్దేది. ఎవరెవరో రాసిన వార్తల్లో కామాలు సరిచేసింది గానీ, కింద ఆమె పేరు ఒక్కనాడూ పడలేదు. పత్రిక మూతపడ్డాక శ్మశానం గేటు పక్కన పాత కల్చెవ్ పెట్టిన పూలబండి దగ్గర కాడలు కత్తిరించింది. పూలతో పాటు ఏం రాసివ్వాలో తోచక నీళ్ళు నమిలే మగవాళ్ళకి రెండు మాటలు రాసి పెట్టేది. అలా రాయగా రాయగా, కొట్టు పెద్దదై ఉత్తరాలు కంప్యూటర్లోకి ఎక్కినప్పుడు, కింద "మీ త్సొన్కా" అని పెట్టడం అలవాటైంది. మొగుడు వసీల్ పడవ మీద పనిచేస్తూ పోయాడు. పిల్లలు లేరు. ఇంటి తలుపు మీద ఇప్పటికీ అతని పేరే ఉంది. ఈ లోకంలో త్సొన్కా అన్న పేరు కనిపించేది ఆ ఉత్తరాల కింద మాత్రమే. అది చాలనుకుంది ఆమె. చాలదా మరి?

తొమ్మిది కాగానే యజమాని డోబ్రీ కల్చెవ్ వచ్చాడు. పాతాయన కొడుకు. వెంట సోఫియా నుంచి వచ్చిన ఇవెల్లా, సాఫ్ట్‌వేర్ అమ్మాయి.

"పిన్నీ, నువ్వొక్కసారి 'సరే' అని నొక్కు చాలు. మిగతాది నేను చూసుకుంటా" అంది ఇవెల్లా, కుర్చీ లాక్కుంటూ.

"దేనికి సరే?"

"ఏఐ ఏజెంట్‌కి. మన ఉత్తరాలు పంపే సాఫ్ట్‌వేర్‌లోకి దానికి దారివ్వాలి. ఖాతా నీ పేరు మీదుంది కదా, నువ్వే ఇవ్వాలి."

"ఇస్తే ఏం చేస్తుందిట?"

"ఎవరు ఎప్పుడు ఏం కొన్నారో చదువుతుంది. ఎవరికి తగ్గట్టు వాళ్ళకి ఉత్తరం రాస్తుంది. పంపిస్తుంది."

"కింద ఎవరి పేరు పెడుతుంది?"

ఇవెల్లా కల్చెవ్ వంక చూసింది. కల్చెవ్ కిటికీ వంక చూశాడు.

"నీదే అక్కా" అన్నాడు చివరికి. "నీ పేరు చూసే కదా జనం ఉత్తరం విప్పేది. కల్చెవ్ అని పెడితే కరెంటు బిల్లనుకుంటారు."

"బాగుందయ్యా. రాసేది అదీ, తిట్లు తినేది నేనూనా?"

"తిట్లెందుకొస్తాయి? నీ పాత ఉత్తరాలన్నీ దాని చేత చదివించాం. అచ్చం నీలాగే రాస్తుంది."

ఆ మాట త్సొన్కాకి ఎక్కడో చురుక్కుమంది. తెర మీద మూడు గళ్ళు ఉన్నాయి. చదవడానికి అనుమతి. రాసిపెట్టడానికి అనుమతి. అడగకుండా పంపడానికి అనుమతి. ఆమె కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుంది. మొదటి గడిలో టిక్కు పెట్టింది. రెండోదాంట్లోనూ పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మూడోది?" అన్నాడు కల్చెవ్.

"పెట్టను. నేను చదవనిది నా పేరుతో గడప దాటదు."

"వేల ఉత్తరాలు అక్కా! ఒక్కొక్కటీ చదువుతూ కూర్చుంటావా?"

"కూర్చోవద్దంటే నా పేరు తీసెయ్. నీ పేరు పెట్టుకో. నీకూ ఒక పేరుంది కదా, మీ నాన్న ముచ్చటపడి పెట్టాడు."

ఇవెల్లా నవ్వు ఆపుకోలేక దగ్గింది. కల్చెవ్ మొహం కందగడ్డ అయింది. అప్పటికి మాట పెరగలేదు.

మధ్యాహ్నం త్సొన్కా మూలమీది హోటల్‌కి వెళ్ళి చిక్కుడుగింజల సూపు తాగింది. పండుగ ముందు ఉపవాస దినాలు, మాంసం ముట్టదు. కంప్యూటర్ తెరిచే వదిలి వెళ్ళింది. ఆ ఆఫీసులో ఎవరూ ఏదీ మూయరు. గోదాము తాళం కూడా తలుపు పక్కన మేకుకే వేలాడుతుంది. ఆమె తిరిగి మెట్లెక్కుతుండగానే ఫోను మోగుతూ వినిపించింది.

"ఒసే త్సొన్కా, నేనింకా బతికే ఉన్నానే!"

రేవు వీధి నికొలీనా అవ్వ గొంతు. త్సొన్కా బూట్లు విప్పి ఉన్నిచెప్పుల్లోకి కాళ్ళు దూరుస్తూ ఫోను చెవికి కాస్త ఎడంగా పట్టుకుంది.

"ఎవరు కాదన్నారవ్వా?"

"నువ్వే! పేరుపండుగకి పన్నెండు గులాబీలు తెప్పించుకోమని రాయలేదూ? పన్నెండు! బల్ల మీద పెట్టుకోవాలా, శవపెట్టెలో పెట్టుకోవాలా? పొయ్యి మీద రేపటి చేప వేగుతోంది, చేతిలో గరిటె ఉంది. ఈ ఏటికి పోయే ఉద్దేశం నాకు లేదని నీ యజమానికి చెప్పు!"

వాళ్ళ దేశంలో బతికున్నవాళ్ళకి పూలు బేసి సంఖ్యలోనే ఇస్తారు. సరిసంఖ్యలో పూలు వెళ్ళేది చచ్చినవాళ్ళకి. పాలు తాగే పిల్లవాడికీ తెలిసిన సంగతే. ఇవెల్లాకీ తెలుసు. శ్మశానం గేటు పక్కన పెరిగిన కల్చెవ్‌కి ఇంకా బాగా తెలుసు. కానీ లోకమంతా గులాబీలు డజన్ల లెక్కన కొంటుంది గనక ఏజెంట్ డజనే రాసింది. పంపేముందు ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. ఊళ్ళో నికోలా పేరున్న ప్రతి ఇంటికీ ఆ ఉత్తరం వెళ్ళిపోయింది, కింద మీ త్సొన్కా అని.

ఫోను పెట్టగానే మళ్ళీ మోగింది. ఈసారి మగ గొంతు, నెమ్మదిగా.

"త్సొన్కా గారా? నికొలాయ్ మింకోవ్‌ని. మా ఆవిడ పోయిన సంగతి మీకెవరు చెప్పారండీ? ఉత్తరంలో పన్నెండు గులాబీలని చూశాను. రేపు పండుగని అందరూ నాకు శుభాకాంక్షలు పంపుతున్నారు. ఆవిడ సమాధికి పూలు తీసుకెళ్ళాలని మీ ఒక్కరికే తోచింది. మీ మేలు మరిచిపోను."

 అతను తిట్టినా త్సొన్కాకి ఇంత బాధ ఉండేది కాదు. ఊరుకుంటే ఆ మెప్పు ఆమెకే దక్కుతుంది. ఊరుకోలేకపోయింది.

"బాబూ, ఆ ఉత్తరం నేను రాయలేదు. ఆవిడ పోయినట్టు నాకు తెలియదు, ఇప్పుడే మీ నోట వింటున్నాను. మీ ఆవిడ పేరేమిటి?"

 "డెనీత్సా" అన్నాడతను, ఫోను పెట్టేశాడు.

త్సొన్కా తల తిప్పింది. కల్చెవ్ తేలుకుట్టిన దొంగలా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మూడో గడి నేనే నొక్కాను. సాయంత్రంలోగా ఆర్డర్లు రావాలి కదా అక్కా" అన్నాడు. "సర్లే, అయిందేదో అయింది. ఏజెంట్ అప్పుడే క్షమాపణ కూడా రాసిపెట్టింది. చూడు, ఎంత బాగా రాసిందో. ఇదొక్కటి పంపేస్తే గొడవ సర్దుకుంటుంది."

ఆమె చదివింది. నిజంగానే బాగుంది. ఆమె వాడే మాటలే, ఆమె ఆగే చోట్లే ఆగింది. "మీ త్సొన్కా సిగ్గుతో తలవంచుకుంది" అని ముగించింది. ఒళ్ళంతా భగ్గుమంది ఆమెకి.

"నేనెందుకు తలవంచుకోవాలి?"

"ఉత్తినే, మాట వరసకి..."

"నా తల మాటవరసకి వంగేది కాదు, డోబ్రీ."

క్షమాపణ మొత్తం చెరిపేసింది. రెండు వేళ్ళూ టకటకమని కదిలాయి. "పన్నెండు గులాబీల ఉత్తరం నేను రాయలేదు. చదవనూ లేదు. యంత్రం రాసింది, యజమాని పంపనిచ్చాడు. ఇకమీదట నా పేరుతో మీకేం వచ్చినా అది నాది కాదు. చేప మాడకుండా చూసుకోండి. త్సొన్కా స్టామెనోవా." ఇంటిపేరుతో సహా రాయడం అదే మొదటిసారి.

"పిన్నీ, ఒక్క నిమిషం ఆలోచించు" అంది ఇవెల్లా, భయంగా.

"అది పంపావంటే రేపట్నించి నీకిక్కడ పని ఉండదు!" కల్చెవ్ అరిచాడు.

"లేకపోతే పోనీ."

నొక్కింది. పోయింది. ఆ తర్వాత తీరిగ్గా ఖాతా యజమాని గడిలో డోబ్రీ కల్చెవ్ అని మార్చింది. పంపేవారి గడిలో తన పేరు ఒక్కో అక్షరం చెరిపేసింది. గడి ఎర్రబడింది. పేరు లేకుండా పంపడం కుదరదని దాని కింద రాసి వచ్చింది.

"చూశావా, ఎవరో ఒకరి పేరు కావాలిట దానికి. ఇక నీ ఇష్టం" అంటూ లేచింది.

బూట్లు తొడుక్కుని కోటు వేసుకుంది. భయం వేసింది, ఎందుకు వేయదు? ఈ వయసులో ఆమెని ఎవరు పనిలో పెట్టుకుంటారు? అయినా వంగి బొత్తాలు పెట్టుకుని, నిటారుగా నిలబడి, మఫ్లర్ చుట్టుకుంది. బల్ల మీద ఫోను మళ్ళీ మోగింది. అలవాటుకొద్దీ చెయ్యి అటు లేచింది. దించేసుకుంది.

"ఎత్తు, డోబ్రీ."

కల్చెవ్ ఆమె కుర్చీలో కూలబడి ఫోనెత్తాడు. అవతలి గొంతు తలుపు దాకా వినిపించింది. "త్సొన్కా ఉందా? లేదా? మరి నువ్వెవరు నాయనా?"

ఆమె మెట్లు దిగసాగింది.  పైనుంచి కల్చెవ్ గొంతు, చిన్నగా, పీలగా వినిపించింది. "నేను... డోబ్రీ కల్చెవ్‌నండి. ఆ ఉత్తరం పంపింది నేనే."

త్సొన్కా వెనక్కి చూడలేదు. వీధి తలుపు చప్పుడయింది. పైన కల్చెవ్ ఫోను పట్టుకుని తిట్లు తింటూ కాళ్ళు ముందుకి చాపుకున్నాడు. బల్ల కింద ఆమె అల్లుకున్న ఉన్నిచెప్పులు, మడమల దగ్గర అణిగిపోయినవి, అతని బూట్లకి తగిలాయి, ఇంకా వెచ్చగానే ఉన్నాయి.